గాజు గొట్టంలో గండుచీమ రాణి

పిల్లల పుట్టినరోజుకు కానుకగా ఇచ్చే చీమల పెట్టెలు ఇప్పుడు మన దేశంలోనూ ఆన్‌లైన్ దుకాణాల్లో దొరుకుతున్నాయి. రెండు పలుచని ప్లాస్టిక్ పలకల మధ్య ఇసుకో, నీలిరంగు జెల్లో నింపి ఉంటుంది; పెరట్లోంచి పాతిక ముప్పై చీమలను పట్టి అందులో వదలమని లోపలి కాగితం చెబుతుంది. మొదటి వారం చీమలు చకచకా సొరంగాలు తవ్వుతాయి, ఆ తర్వాత తవ్వడం మానేస్తాయి, ఇంకొన్ని వారాలకు ఒక మూల చచ్చిన చీమల కుప్ప కనిపిస్తుంది, చివరికి పెట్టె ఖాళీ అవుతుంది. కొన్నవారు తమ పోషణలో ఏదో లోపం జరిగిందని నొచ్చుకుంటారు. నిజానికి ఎంత శ్రద్ధగా చూసినా ఆ పెట్టె గతి అంతే, ఎందుకంటే అందులో రాణి లేదు. రాణి లేని చోట కొత్త చీమ పుట్టదు, ఉన్నవాటి ఆయుష్షు తీరగానే అంతా ముగిసిపోతుంది.

ఈ పొరపాటుకు ఒక చరిత్ర ఉంది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో ఇంజనీరింగ్ బోధించిన ఫ్రాంక్ ఆస్టిన్ 1931లో ఇటువంటి పెట్టెకు పేటెంటు పొందాడు. 1956లో మిల్టన్ లెవీన్ అనే వ్యాపారి ఆ ఆలోచననే పిల్లల బొమ్మగా మలిచి ఇంటింటికీ చేర్చాడు. సజీవమైన చీమలను ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పంపాలంటే అక్కడి కేంద్ర వ్యవసాయ శాఖ అనుమతి కావాలి, రాణుల విషయంలో ఆ నిబంధన మరింత కఠినం. అందువల్ల తపాలాలో శ్రామిక చీమలు మాత్రమే వెళ్లేవి. జెల్ పెట్టెకు మూలం మరోచోట ఉంది. కల్పనా చావ్లా ప్రాణాలు కోల్పోయిన 2003 నాటి కొలంబియా యాత్రలో సిరాక్యూస్ నగరపు పాఠశాల విద్యార్థులు చీమల మీద ఒక ప్రయోగం పంపారు, నీరూ తీపీ ఒకే పదార్థంలో అందేలా చేసిన జెల్ అప్పుడే ప్రాచుర్యంలోకి వచ్చింది. పదహారు రోజుల ప్రయాణానికి అది సరిపోతుంది కాని, పిల్ల చీమలు ఎదగడానికి కావలసిన మాంసకృత్తులు అందులో ఉండవు, గాలి ఆడని తేమలో బూజు మాత్రం త్వరగా పడుతుంది.

ఈ బొమ్మలన్నింటికంటే ముందే చీమలను సరిగా పెంచినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ లబ్బక్. బ్యాంకు వ్యాపారం, పార్లమెంటు సభ్యత్వం చూసుకుంటూనే ఆయన రెండు గాజు పలకల మధ్య మట్టి నింపి చీమల కుటుంబాలను ఏళ్ల తరబడి పోషించాడు, ఒక్కొక్క చీమనూ గుర్తుపట్టడానికి వీపు మీద రంగుచుక్క పెట్టాడు. ఆయన దగ్గర 1874లో చేరిన ఒక రాణి దాదాపు 14 ఏళ్లు బతికింది. తర్వాతి కాలంలో లేసియస్ నైగర్ అనే ఐరోపా నల్లచీమ రాణి ఒకటి ప్రయోగశాలలో 28 ఏళ్ల 9 నెలలు బతికినట్టు నమోదైంది. శ్రామిక చీమల ఆయుష్షు నెలల్లోనో, మహా అయితే రెండు మూడేళ్లలోనో ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను మనసులో పెట్టుకుంటే చీమల పెంపకంలోని సూత్రాలన్నీ ఒకదాని వెంట ఒకటి వాటంతటవే బోధపడతాయి.

రాణి అంటే ఆజ్ఞలిచ్చే అధిపతి అనుకోకూడదు. ఆమె పని గుడ్లు పెట్టడం. జీవితంలో ఒక్కసారి, ఆకాశంలో, ఒకటో రెండో మగ చీమలతో జతకట్టి, ఆ శుక్రకణాలను కడుపులోని ఒక చిన్న సంచిలో భద్రపరచుకుని, మిగిలిన జీవితమంతా ఆ నిల్వతోనే గడుపుతుంది. శుక్రకణం తాకిన గుడ్డు ఆడ చీమ అవుతుంది, తాకని గుడ్డు మగ చీమ అవుతుంది. మనం రోజూ చూసే శ్రామిక చీమలన్నీ ఆడవే, అన్నీ ఆమె కూతుళ్లే. మగవి ఏటా కొద్ది కాలం మాత్రమే కనిపించి, జతకట్టిన వెంటనే చనిపోతాయి. కనుక పుట్టను తవ్వి వంద చీమలను తెచ్చినా మనం తెచ్చింది కుటుంబంలో ఒక ముక్కనే. తవ్వకంలో రాణి దెబ్బతింటే అక్కడ మిగిలిన వేల చీమల భవిష్యత్తు కూడా ముగిసినట్టే. పెంచాలనుకునేవారు పుట్టను ముట్టుకోకుండా, అప్పుడే జతకట్టి నేలకు దిగిన ఒంటరి రాణిని పట్టుకోవాలనే నియమం ఇక్కడి నుంచే వచ్చింది. దానివల్ల ప్రకృతికి జరిగే నష్టం కూడా స్వల్పం, ఎందుకంటే అలా దిగిన రాణుల్లో అత్యధిక భాగం ఆ రోజో మరునాడో బల్లులకూ పక్షులకూ కప్పలకూ ఇతర చీమలకూ ఆహారమైపోతాయి.

మన ప్రాంతంలో ఇందుకు అనువైన కాలం తొలకరి. మృగశిర కార్తెలో వానలు పడి, నేల తడిసి, గాలి నిలిచిన సాయంత్రాల్లో రెక్కల చీమలు గుంపులుగా లేస్తాయి. అయితే దీపాల చుట్టూ ముసిరే రెక్కల పురుగులన్నీ చీమలు కావు. వాటిలో ఎక్కువ భాగం ఉసిళ్లు, అంటే చెదపురుగుల రెక్కల దశ. చెదకు చీమతో చుట్టరికం లేదు, బొద్దింకలతో ఉంది. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము మందం, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. రెక్కల చీమకు ముందు రెక్కలు పొడవు, వెనక రెక్కలు పొట్టి, నడుము దారంలా సన్నం, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. ఉసిళ్లను పట్టి సీసాలో పెట్టి నెలల తరబడి చీమల కోసం ఎదురుచూసేవారు ఈ ఒక్క తేడా తెలిస్తే ఆ నిరాశ నుంచి తప్పించుకోవచ్చు. రెక్కలతో ఉన్న ఆడ చీమ ఇంకా జతకట్టి ఉండకపోవచ్చు. రెక్కలు తనంతట తాను ఊడదీసుకుని, భుజాల దగ్గర చిన్న మచ్చలతో, లావుపాటి ఛాతీతో, గూటికి చోటు వెతుక్కుంటూ ఒంటరిగా నేల మీద తిరిగేదే మనకు కావలసిన రాణి.

అన్ని చీమలూ ఇంట్లో పెంచడానికి తగినవి కావు. చెట్ల మొదళ్లలో గూళ్లు కట్టి, కొమ్మల మీది పేనుబంక పురుగులు విసర్జించే తీపి ద్రవం కోసం బారులు తీరే పెద్ద నల్లటి గండుచీమ, శాస్త్రీయంగా క్యాంపొనోటస్ కంప్రెసస్, కొత్తవారికి అన్నింటికంటే మంచిదని నా అభిప్రాయం. అది కొరుకుతుంది, ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది కాని, దానికి కొండి లేదు. పరిమాణం పెద్దది కాబట్టి కంటితో చూడవచ్చు, సన్న సందుల్లోంచి తప్పించుకోలేదు. మంటపుట్టేలా కుట్టే ఎర్రచీమ సోలెనాప్సిస్ జెమినాటా వేగంగా పెరుగుతుంది, వెంట్రుకంత సందులోంచి బయటపడుతుంది, కొందరికి దాని విషం వల్ల తీవ్రమైన ఎలర్జీ వస్తుంది. పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోకూడదు. మామిడి చెట్ల మీద తమ పిల్ల పురుగుల నోటి నుంచి వచ్చే పట్టుతో ఆకులు కుట్టి గూళ్లు కట్టే చీమలు చూడముచ్చటగా ఉంటాయి కాని, వాటికి గది అంత చోటు, బతికున్న మొక్క అవసరం.

డయాకమ్మా అనే చీమల ప్రజాతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పైన చెప్పిన రాణి సూత్రం దాని దగ్గర తలకిందులవుతుంది. దక్షిణాదిలో విరివిగా కనిపించే ఈ నల్లటి చీమల్లో ప్రత్యేకమైన రాణి వర్గమే లేదు. శ్రామిక చీమల్లో ఒకటి మాత్రమే జతకట్టి గుడ్లు పెడుతుంది. ఈ ప్రజాతిలోని చాలా రకాల్లో ప్రతి ఆడ చీమా ఛాతీ మీద చిన్న మొగ్గల వంటి అవయవాలతో పుడుతుంది; గుడ్లు పెట్టే చీమ కొత్తగా పుట్టిన చెల్లెళ్ల, కూతుళ్ల మొగ్గలను కొరికేస్తుంది, మొగ్గలు పోయిన చీమ ఇక జతకట్టలేదు. ఆ ఒక్క చీమనూ బయటికి చూసి గుర్తుపట్టడం సామాన్యులకు సాధ్యం కాదు. గూడు మారేటప్పుడు ఈ చీమలు వాసన దారి వేయకుండా, ముందు ఒకటి నడుస్తుంటే వెనక ఒకటి దాన్ని తాకుతూ జంటలుగా ప్రయాణం చేస్తాయి. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ పరిశోధకులు దీని మీద విస్తృతంగా పనిచేశారు. చూడవలసిన చీమలే కాని, మొదటి ఏడాది పెంచవలసినవి కావు.

రాణి చేతికి చిక్కాక కావలసిన సామగ్రి చాలా తక్కువ. ప్రయోగశాలల్లో వాడే గాజు టెస్ట్ ట్యూబులో మూడో వంతు నీళ్లు పోసి, నీటి మట్టం దాకా దూదిని బిగువుగా దించాలి. నీరు దూదిని తడుపుతుంది కాని కారదు. పొడి భాగంలో రాణిని ఉంచి, ట్యూబు మూతికి మరో దూది ఉండ పెట్టి, ఎవరి చేయీ తగలని చీకటి అరలో పడుకోబెట్టాలి. నీరు, తేమ, చీకటి, గోడల రక్షణ ఆమె నేలలో తవ్వుకునే గదిలో ఉండేవే. అంతకుమించి ఆమె ఏమీ కోరదు. గండుచీమ రాణి ఈ కాలంలో ఆహారం కూడా తీసుకోదు. ఇక మీదట ఎగరనవసరం లేని ఆమె శరీరం బలమైన రెక్కల కండరాలను లోలోపల కరిగించుకుని, ఆ కొవ్వుతో, ఆ మాంసకృత్తులతో మొదటి పిల్లలను పోషిస్తుంది. ఇంత పొదుపుగా పెరిగినవి కాబట్టే మొదటి శ్రామిక చీమలు తర్వాతి వాటికంటే మరీ చిన్నవిగా, బెదురుగా ఉంటాయి.

పెంపకందారుల చేతుల్లో అత్యధిక రాణులు చనిపోయేది ఈ దశలోనే, అది కూడా శ్రద్ధ తక్కువై కాదు, ఎక్కువై. ట్యూబును రోజూ వెలుతురులోకి తీసి, తిప్పి, తట్టి, ఫొటో తీస్తే రాణి దాన్ని ప్రమాదంగా గ్రహిస్తుంది. గది సురక్షితం కాదని తేల్చుకుంటే తన గుడ్లను తానే తినేస్తుంది. ఆమె లెక్కలో అది నష్టం కాదు, పెట్టుబడిని వెనక్కి తీసుకోవడం. వారానికొకసారి, అర నిమిషం చూసి, తేదీతో ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. చూసేటప్పుడు ట్యూబు చుట్టూ ఎర్రని సెలోఫేన్ కాగితం చుట్టడం మేలు. చీమల పిల్లల మీద వర్ణపటంలోని వేర్వేరు రంగుల కాంతి పడేలా చేసి, మన కంటికి కనబడని అతినీలలోహిత కాంతి నుంచి అవి పిల్లలను ఆదరాబాదరాగా మోసుకుపోవడం, ఎరుపును మాత్రం చీకటిలాగే భావించడం లబ్బక్ ఆ రోజుల్లోనే చూపించాడు. సెలోఫేన్ సలహా వెనక ఉన్నది ఆ ప్రయోగమే.

గుడ్డు నుంచి చీమ దాకా నాలుగు దశలు ఉంటాయి. గుడ్డు ఆవగింజకంటే చిన్నది. దాంట్లోంచి కాళ్లు లేని తెల్లటి పురుగు వస్తుంది. అది తిని పెరిగి, గండుచీమల్లోనైతే తన చుట్టూ గోధుమరంగు పట్టుగూడు అల్లుకుని, ఆ లోపల చీమగా మారుతుంది. వాన వచ్చే ముందు చీమలు గుడ్లు మోసుకుపోతాయని మన పెద్దలు అనే మాటలో చిన్న సవరణ ఉంది: బియ్యపు గింజల్లా కనిపించే ఆ మూటలు చాలావరకు గుడ్లు కావు, పురుగు దశలోనో పట్టుగూటి దశలోనో ఉన్న పిల్లలు. మొదటి శ్రామిక చీమ బయటికి రావడానికి గండుచీమల్లో వారాలు కాదు, నెల దాటి పడుతుంది, చల్లగా ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. రాణి జతకట్టి ఉండకపోతే పిల్లలేవీ రావు, లేదా రెక్కల మగవి మాత్రమే వస్తాయి. అప్పుడు తప్పు ఎవరిదీ కాదు, మరో తొలకరి కోసం ఆగాలి.

శ్రామిక చీమలు పుట్టాక ఆహారం ఇవ్వడం మొదలవుతుంది. ఇక్కడ ఒక శరీర నిర్మాణ రహస్యం తెలిసి ఉండాలి. ఎదిగిన చీమ ఘనపదార్థాన్ని మింగలేదు. దాని నడుము అంత సన్నం. అది ద్రవాన్ని మాత్రమే తాగి, ఉమ్మడి కడుపు అనదగిన ఒక సంచిలో నింపుకుని, ఇంటికి వచ్చి నోటితో నోటికి పంచుతుంది. కీటకాల మాంసాన్ని నమిలి అరిగించుకునేది పిల్ల పురుగులే. కనుక తీపి పెద్దల కూలి, మాంసకృత్తులు పిల్లల ఎదుగుదల. రెండింటిలో ఏది తగ్గినా కుటుంబం ఆగిపోతుంది. ఒక వంతు పంచదారకు మూడు నాలుగు వంతుల నీళ్లు కలిపిన చుక్క, వారానికి రెండుసార్లు ఒక చిన్న కీటకపు ముక్క మొదటి పది చీమలకు సరిపోతాయి. ఉడికించిన గుడ్డు పచ్చసొన రవ్వంత పెట్టవచ్చు. మిగిలినదాన్ని మరునాడే తీసేయాలి, లేకపోతే మన తేమ వాతావరణంలో బూజు ఒక్క రాత్రిలో అల్లుకుంటుంది.

ఐరోపా, అమెరికా పెంపకందారులు ఇచ్చే సూచనలు మన ఇళ్లకు పూర్తిగా సరిపోవు. వారు వేడి తీగలు చుడతారు, చలికాలంలో చీమలను నెలల పాటు చల్లటి అరలో నిద్రపుచ్చుతారు. లేసియస్ వంటి చల్లని దేశపు చీమలకు ఆ శీతనిద్ర అవసరం, అక్కడ స్థిరపడిన మన వాళ్లు అక్కడి చీమలను పెంచితే ఆ నియమం పాటించాలి. మన గండుచీమకు అది అక్కరలేదు. మన సమస్య ఎండాకాలం. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో బయటి వేడి 45 డిగ్రీలకు చేరే రోజుల్లో, నేలలో లోతుకు దిగే అవకాశం లేని చీమ గాజు గొట్టంలో ఉడికిపోతుంది. కిటికీ దగ్గర పడే నేరుటెండ కొద్ది నిమిషాల్లోనే కుటుంబాన్ని చంపగలదు. ఇంట్లో అన్నింటికంటే చల్లని గదిలో, నేల మీద, మంచినీళ్ల కుండ పక్కన ఉంచడం మంచిది.

రెండో ప్రమాదం దోమల మందు. ప్లగ్గుకు పెట్టే ద్రవాల్లో, కాయిల్స్‌లో ఉండేవి పైరెత్రాయిడ్ జాతి కీటకనాశకాలు. దోమకూ చీమకూ అవి తేడా చూపవు. చీమలున్న గదిలో వాటిని వాడకూడదు, చీమల చాక్ గీయకూడదు, మందు కొట్టగా పడిన బొద్దింకను ఆహారంగా వేయకూడదు. బ్యాటుతో కొట్టిన దోమలు ఫరవాలేదు. మూడో ప్రమాదం బయటి చీమలు. పంచదార నీళ్ల వాసనకు వచ్చే చలిచీమలు రాత్రికి రాత్రే బందీ కుటుంబంలో చొరబడి, పిల్లలను ఎత్తుకుపోగలవు. మిఠాయి గిన్నెను నీళ్ల పళ్లెంలో నిలబెట్టడం మన ఇళ్లలో తరతరాల నాటి ఉపాయం. గూటిని అలాగే నిలబెడితే లోపలివి బయటికి పోవు, బయటివి లోపలికి రావు.

పది ఇరవై చీమలు కాగానే పెద్ద గూడు కొనాలని చాలామంది తొందరపడతారు. అది పొరపాటు. చీమలు ఎక్కువ చోటును ఇల్లుగా చూడవు. వాడని గదుల్లో చెత్త పోస్తాయి, ఆ చెత్త బూజు పడుతుంది, తేమ అదుపు తప్పుతుంది. ట్యూబు నిండేదాకా ట్యూబులోనే ఉంచి, దాని మూతి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి తెరిచి పెడితే, ఆ డబ్బాయే వాటికి మేత వెతుక్కునే ఆవరణ అవుతుంది. డబ్బా గోడల పై అంచుకు టాల్కం పౌడరును స్పిరిటులో కలిపి పూస్తే, ఆరాక ఆ పొడి మీద కాలు నిలవక చీమలు జారిపోతాయి. గూడు మార్చవలసి వచ్చినప్పుడు ట్యూబును దులపకూడదు. కొత్తదాన్ని చీకటిగా, తడిగా ఉంచి, పాతదాని మీద వెలుతురు పడనిస్తే అవే పిల్లలను మోసుకుని తరలిపోతాయి. యాభై అరవై చీమలు అయ్యాక ఇళ్ల నిర్మాణంలో వాడే తేలికపాటి ఏఏసీ ఇటుకలో చిన్న గదులు చెక్కి, పైన గాజు పలక బిగిస్తే చక్కని గూడు తయారవుతుంది. ఆ ఇటుక నీటిని పీల్చి మెల్లగా వదులుతుంది కాబట్టి ఒక చివర తడిపితే ఒక గది తడిగా, ఒక గది పొడిగా ఉంటాయి. ఏ దశ పిల్లలను ఏ గదిలో పెట్టాలో చీమలే నిర్ణయించుకుంటాయి. ఆ తరలింపును చూడటమే ఈ పెంపకంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం.

ఇక రాణులను కొనడం గురించి. 2025 ఏప్రిల్‌లో కెన్యాలోని నైవాషా పట్టణంలో ఇద్దరు బెల్జియం యువకుల బసలో 2,244 గొట్టాల్లో దూది పెట్టి దాచిన దాదాపు 5,000 రాణి చీమలు దొరికాయి. అవి తూర్పు ఆఫ్రికాలో గింజలు సేకరించే మెస్సర్ సెఫలోటెస్ అనే పెద్ద ఎర్రటి చీమలు, ఐరోపా, ఆసియా పెంపకందారుల కోసం ఉద్దేశించినవి. మే నెలలో న్యాయస్థానం ఒక్కొక్కరికి పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు విధించింది. దంతాలు, చర్మాల కోసం జరిగే వేట గురించి విన్న దేశానికి అది కొత్త రకం కేసు. గింజలను నేలంతా చేరవేసే ఈ చీమల రాణులను వేలల్లో తరలిస్తే అక్కడి గడ్డిమైదానాలకు నష్టం, అవి చేరిన చోట తప్పించుకుంటే అక్కడి చీమలకు నష్టం. చైనాలో ఆన్‌లైన్ వ్యాపారాన్ని ఆరు నెలలు గమనించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో 58,000కు పైగా చీమల కుటుంబాలు అమ్ముడైనట్టు, అమ్మిన రకాల్లో నాలుగో వంతుకు పైగా ఆ దేశానికి చెందనివని తేలింది.

బయటి చీమ స్థిరపడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కర లేదు. 2022లో తమిళనాడులోని దిండిగల్ జిల్లా కరందమలై అడవి అంచు గ్రామాల్లో అనోప్లోలెపిస్ గ్రాసిలిపెస్ అనే సన్నటి పసుపు చీమలు విపరీతంగా పెరిగి పశువుల కళ్ల మీద దాడి చేస్తున్నాయని రైతులు మొరపెట్టుకున్నారు. మన దగ్గరి మంట ఎర్రచీమ కూడా ఎప్పుడో మధ్య అమెరికా ప్రాంతం నుంచి ఓడల వెంట ప్రపంచమంతా పాకిందే. విదేశాల నుంచి సజీవ కీటకాలను తెప్పించుకోవడానికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి కావాలి. హైదరాబాదులోని కేబీఆర్ పార్కు సహా జాతీయ ఉద్యానవనాల్లో, అభయారణ్యాల్లో చీమను కూడా పట్టి తీసుకుపోకూడదు. చట్టం పట్టించుకోని చోట సైతం ఒక నియమాన్ని పాటించడం సబబు: రాణిని సొంత వీధిలో, సొంత పెరట్లో పట్టుకోవాలి, వేరే ఊరి రాణిని కొనకూడదు.

పెంపకం మానుకోవలసిన రోజు కూడా రావచ్చు. ఇల్లు మారవచ్చు, పిల్లలు చదువులకు వెళ్లిపోవచ్చు, పదేళ్లు బతకగల రాణిని అన్నాళ్లూ పోషించడం అందరికీ వీలుపడదు. మన వీధిలో పట్టిన గండుచీమ కుటుంబమైతే, వానలు పడి నేల మెత్తగా ఉన్న రోజున, దొరికిన చోటికి దగ్గర్లోనే, మరో గండుచీమల గూటికి దూరంగా, చెట్టు మొదట్లో ట్యూబును తెరిచి పెట్టి రావచ్చు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని కుటుంబాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ బయట వదలకూడదు. దాన్ని తీసుకునే మరో పెంపకందారుడు దొరకకపోతే, గూటినంతటినీ సంచిలో మూసి కొన్ని రోజుల పాటు ఫ్రీజర్‌లో ఉంచాలి. రాయడానికే కష్టంగా ఉన్న మాట ఇది, అయినా మొదటి రాణిని పట్టుకోవడానికి వంగే ముందే తెలిసి ఉండాలి.